‘అడ్మిన్ ఇచ్చెయ్ నా, సరిపోతాది’

ఆదోనిలో కంప్యూటరు మొరాయిస్తే అందరూ చెప్పే మందు ఒకటే. ఫైలు తెరుచుకోకపోయినా, ప్రింటరు పలకకపోయినా, తెలుగు అక్షరాలు పడకపోయినా, పక్కనున్నవాళ్లు ఎవరో తొంగిచూసి ‘‘అడ్మిన్ ఇచ్చెయ్ నా, సరిపోతాది’’ అంటారు. ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకుని, అడిగినదానికి ‘ఎస్’ అనడమే వైద్యం. చాలాసార్లు నిజంగానే సరిపోతుంది, అందుకే ఆ మందుకు అంత పేరు. కానీ సరిపోయిన చోటే వారం తిరిగేసరికి ఇంకో తలనొప్పి మొదలవుతుంది. ఈ రెండింటికీ కారణం ఒకటేనని చాలామందికి తట్టదు.

ఆదోని పత్తి ఊరు. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఇక్కడి యార్డు ఒకటి. దాని చుట్టూ జిన్నింగ్ మిల్లులు, కమీషన్ అంగళ్లు. ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో దానికి పేరొచ్చింది. ఈ రెండు ఊళ్లలోనూ ఇంటి కంప్యూటరు ఏ ఒక్కరి సొత్తూ కాదు. పగలు దాని మీద అంగడి లెక్కలు నడుస్తాయి, సాయంత్రం ఇంజనీరింగు చదివే అమ్మాయి ప్రాజెక్టు, రాత్రి తమ్ముడి ఆటలు. ముహూర్తాల కాలంలో పెళ్లిపత్రికలు, జాతర బ్యానర్లు కూడా అందులోనే తయారవుతాయి. మనుషులు నలుగురున్నా ఖాతా ఒకటే, దానికి పాస్‌వర్డు ఉండదు.

ఒక యంత్రాన్ని పదిమంది పంచుకోవడం కంప్యూటర్లకు కొత్తేమీ కాదు. అసలు ఈ అనుమతుల గొడవంతా అక్కడే పుట్టింది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను చూపించింది. ఒకే పెద్ద కంప్యూటరును ఎందరో ఏకకాలంలో వాడుకునే ఏర్పాటది. ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండాలి గనక పాస్‌వర్డులు పెట్టారు. మరుసటి ఏడాదే ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తన వంతు సమయం చాలలేదు. ఏ ఫైలునైనా ప్రింటు తీయించుకునే వీలుంది కదా అని, ఓ శుక్రవారం రాత్రి పాస్‌వర్డుల ఫైలునే ప్రింటుకు పెట్టాడు. శనివారం తెల్లవారగానే వెళ్లి కాగితం తెచ్చుకున్నాడు. తాళం బాగానే ఉంది, తాళంచెవులున్న పెట్టెకు మాత్రం కాపలా లేదు. ‘ఎవరు’ అని అడిగితే చాలదు, ‘ఏ వస్తువు’ అనీ అడగాలని ఆ రంగం నేర్చుకున్న తొలి పాఠాల్లో ఇదొకటి.

ఇళ్లలోకి వచ్చిన కంప్యూటరు ఈ పాఠాన్ని కొంతకాలం పక్కన పెట్టింది. విండోస్ 98 రోజుల్లో నెట్ సెంటర్లకు తిరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, లాగిన్ పెట్టె రాగానే ‘క్యాన్సిల్’ నొక్కితే లోపలికి వెళ్లిపోయేవాళ్లం. ఆఫీసుల కోసం 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీలో మాత్రం అసలైన అనుమతుల వ్యవస్థ ఉంది. 2001లో ఎక్స్‌పీతో అది ఇళ్లకూ చేరింది. చేరిందన్న మాటే గానీ, ఎక్స్‌పీ పెట్టేటప్పుడు తయారయ్యే ఖాతాలన్నీ అడ్మిన్ ఖాతాలే. దాంతో సాఫ్ట్‌వేరు రాసేవాళ్లకు ఓ చెడ్డ అలవాటు పట్టుకుంది. తమ ప్రోగ్రాము ఎక్కడ కావాలంటే అక్కడ రాసుకోవచ్చని అనుకున్నారు. ఆ అలవాటు ఖర్చు ఆదోని అంగళ్లు ఈనాటికీ కడుతున్నాయి.

2006 చివర్లో విస్టాతో మైక్రోసాఫ్ట్ పద్ధతి మార్చింది. మీరు అడ్మిన్ అయినా లాగిన్ కాగానే మీకు రెండు గుర్తింపులు తయారవుతాయి. ఒకటి మామూలు మనిషిది, ఒకటి పూర్తి అధికారాలున్నది. రోజువారీ పనంతా మొదటిదానితోనే జరుగుతుంది. మండీ యజమాని రోజంతా గుమాస్తా కుర్చీలోనే కూర్చుని, ఇనప్పెట్టె తీయాల్సి వచ్చినప్పుడు మాత్రమే లేచి లోపలి గదిలోకి వెళ్లినట్టు. తెర మసకబారి ‘ఈ ప్రోగ్రాము మార్పులు చేయవచ్చా’ అని అడిగేది ఆ గది గుమ్మం దగ్గరే.

ఈ గుర్తింపును టోకెన్ అంటారు. అందులో మీ పేరుండదు, నంబరుంటుంది. ఎస్-1-5-21 అని మొదలై పొడుగ్గా సాగే నంబరది. మీరు ఏయే గుంపుల్లో ఉన్నారో, ఏయే హక్కులున్నాయో దాని వెంట రాసి ఉంటుంది. అటువైపు ప్రతి ఫైలుకూ, ఫోల్డరుకూ ఓ జాబితా ఉంటుంది. ఏ నంబరువాళ్లు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు చెరపొచ్చు అని అందులో వరుసలుంటాయి. ఫైలు తెరవమని మీ ప్రోగ్రాము అడిగిన క్షణాన విండోస్ మీ టోకెన్‌నూ ఆ జాబితానూ పక్కపక్కన పెట్టి పై నుంచి కిందికి సరిచూస్తుంది. అంతకు మించి మాయ ఏమీ లేదు. టోకెన్ తయారయ్యేది లాగిన్ అయ్యేటప్పుడు. అందుకే ఖాతాను అడ్మిన్‌గా మార్చాక కూడా ‘‘మార్చినా ఏం లాభంలే నా, అట్లే ఉండాది’’ అనుకోవాల్సి వస్తుంది. ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి రావాలి, అంతే.

ఇక ‘అడ్మిన్ ఇవ్వడం’ సంగతి. దాన్ని తాళం తీయడం అనుకుంటాం. నిజానికి అక్కడ మనిషే మారిపోతాడు. విండోస్ కంటికి మీరు ఇప్పుడు వేరే టోకెన్ పట్టుకున్న వేరే ఆసామి. ఆసామి మారితే కనిపించే సరుకూ మారుతుంది.

కమీషన్ అంగళ్లలో ఇది ఎట్లా దెబ్బకొడుతుందో చూడండి. ఎప్పటిదో పాత బిల్లింగ్ ప్రోగ్రాము. అది ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్లో కూర్చుంటుంది, లెక్కల ఫైలును కూడా అక్కడే పెట్టుకుంటుంది. మామూలు టోకెన్‌తో ఆ ఫోల్డర్లో రాయడం కుదరదు. ‘కుదరదు’ అని చెప్పేస్తే పాత ప్రోగ్రాములన్నీ కుప్పకూలతాయని విస్టా నుంచి విండోస్ ఒక చిన్న మోసం చేస్తోంది. ప్రోగ్రాము రాసిందంతా నోరెత్తకుండా ఇంకో చోటికి మళ్లిస్తుంది. మీ యూజర్ ఫోల్డర్లో, కంటికి కనిపించకుండా దాచిన యాప్‌డేటా లోపల, లోకల్ కింద, వర్చువల్‌స్టోర్ అనే మూలకు. మళ్లీ చదవమంటే ముందు ఆ మూలలో వెతికి అక్కడిదే చూపిస్తుంది. గుమాస్తా ఆరు నెలలు తూకాలు, లాట్లు, చెల్లింపులు ఎక్కిస్తాడు. అంతా బ్రహ్మాండంగా ఉంటుంది.

ఒకరోజు ప్రింటు రాదు. ఎవరో వచ్చి మందు వేస్తారు, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’. పూర్తి అధికారాలున్న ఆసామికి ఈ మళ్లింపు ఉండదు. ప్రోగ్రాము నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు ఫైలును తెరుస్తుంది. అందులో ఏముంది? ప్రోగ్రాము వేసిన రోజు ఉన్నదే. అంటే ఏమీ లేదు. ఆరు నెలల లెక్క గల్లంతు! వైరస్ అంటారు, హార్డ్ డిస్క్ పోయిందంటారు. ఖాళీ ఫైల్లో మళ్లీ మొదటినుంచి ఎక్కించడం మొదలుపెడితే రెండు పుస్తకాలు తయారవుతాయి, ఒకటి గుమాస్తా ఆసామిది, ఒకటి అడ్మిన్ ఆసామిది. ఏ రోజు ఎలా తెరిచారో దాన్నిబట్టి ఆ రోజు లెక్క అందులో పడుతుంది. నన్నడిగితే ఇంతకంటే ఘోరం బ్యాకప్పు. నెలనెలా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని నిశ్చింతగా ఉంటారు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఎప్పుడూ ఖాళీ పుస్తకమే.

ఇలాంటప్పుడు ముందు చేతులు కట్టుకోవాలి. ఏదీ చెరపకుండా, కొత్తగా ఏదీ ఎక్కించకుండా, ఫోల్డర్ మెనూలో దాచిన ఫైళ్లు కనిపించే సెట్టింగు పెట్టి వర్చువల్‌స్టోర్‌లోకి వెళ్లి చూడాలి. రెండు చోట్లా ఉన్న ఫైళ్ల చివరి తేదీలు చూసి, రెండింటినీ వేరువేరు పేర్లతో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. ఆ తర్వాత లెక్కల ఫైలును డి డ్రైవ్‌లోని ఓ మామూలు ఫోల్డర్లోకి మార్చి, ప్రోగ్రాముకు ఆ దారి చూపించాలి. అడ్మిన్ అవసరమే ఉండదు.

పెళ్లిపత్రికల సంగతి ఇంకో రకం. మన డీటీపీ లోకం చాలావరకు ఇప్పటికీ పేజ్‌మేకర్ 7 మీదే బతుకుతోంది. అది 2001 నాటిది, అంటే అందరూ అడ్మిన్లుగా ఉన్న ఎక్స్‌పీ కాలపు సరుకు. కొత్త విండోస్‌లో మామూలుగా తెరిస్తే మొండికేస్తుంది గనక దాన్ని అడ్మిన్‌గా నడుపుతారు. తీరా తెరిచాక తెలుగు పడదు, ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. పక్కన నోట్‌ప్యాడ్‌లో కొడితే తెలుగు మీటలు చక్కగా పలుకుతాయి. కీబోర్డు మేనేజరు పాడైందనుకుని తీసి మళ్లీ వేస్తారు, మళ్లీ అదే కథ.

మన పాత తెలుగు ఫాంట్లతో వచ్చే కీబోర్డు మేనేజరు చేసే పని, మీరు నొక్కిన మీటను దారిలో పట్టుకుని దాని బదులు తెలుగు గుర్తును అందించడం. కానీ తక్కువ అధికారమున్న ప్రోగ్రాము ఎక్కువ అధికారమున్న ప్రోగ్రాము కిటికీలో చేయి పెట్టకూడదని విస్టా నుంచి విండోస్‌లో ఓ కట్టడి ఉంది. ఆ కట్టడి లేకపోతే ఏ దొంగ ప్రోగ్రామైనా అడ్మిన్ కిటికీలో తనే ‘ఎస్’ నొక్కేసుకోగలదు. ఇక్కడ పేజ్‌మేకరు లోపలి గదిలో ఉంది, కీబోర్డు మేనేజరు బయట ఉంది. అందుకే మీటలు మధ్యలో ఎవరికీ చిక్కకుండా ఇంగ్లీషులోనే లోపలికి వెళ్లిపోతాయి. ఫోల్డర్లోంచి వధూవరుల ఫోటోను లాక్కొచ్చి పేజీలో పడేద్దామన్నా పడనిది ఇందుకే. రెండింటినీ ఒకే మెట్టు మీద నడపాలి. రెండూ అడ్మిన్‌గానైనా, రెండూ మామూలుగానైనా. రెండోదే మేలు. ప్రోగ్రాము ఫోల్డరు ఒక్కదాని మీద మీ ఖాతాకు రాసే అనుమతి ఇస్తే చాలాసార్లు పని గడుస్తుంది. ముక్కుకు జలుబు చేస్తే ఒళ్లంతా మందు పూయనక్కర్లేదు. నెట్‌వర్కులో జి డ్రైవ్ అనో జెడ్ డ్రైవ్ అనో పేరు పెట్టుకున్న పక్క కంప్యూటరు ఫోల్డరు అడ్మిన్‌గా తెరిచిన ప్రోగ్రాములో కనిపించకపోవడమూ ఈ బాపతే. ఆ డ్రైవ్‌ను తగిలించుకున్నది మామూలు ఆసామి, వెతుకుతున్నది ఇంకొకడు.

ఇంట్లో వేరువేరు ఖాతాలు పెట్టుకున్నవాళ్లకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. అమ్మాయి తన డెస్క్‌టాప్ మీదున్న ఫీజు రసీదును కట్ చేసి, అందరికీ అందేలా పబ్లిక్ ఫోల్డర్లో పేస్ట్ చేస్తుంది. ‘‘నాయనా, పబ్లిక్‌లో పెట్టినా, చూస్కో’’ అంటుంది. నాన్న తెరిస్తే ‘యాక్సెస్ డినైడ్’. అదే ఫైలును డి డ్రైవ్‌లో పెడితే తెరుచుకుంటుంది. ఇందులో అన్యాయమేమీ లేదు. ఒకే డ్రైవ్‌లో కట్-పేస్ట్ చేస్తే ఫైలు కదలదు, దాని చిరునామా మాత్రమే మారుతుంది. దానికి అతుక్కున్న అనుమతుల జాబితా పాతదే ఉంటుంది, అమ్మాయి ఒక్కతే చూడొచ్చని. కాపీ చేసినా, ఇంకో డ్రైవ్‌కు తరలించినా అక్కడ కొత్త ఫైలు పుడుతుంది, అది ఆ ఇంటి జాబితాను తీసుకుంటుంది. ‘పెన్‌డ్రైవ్‌లో వేసి మళ్లీ తెస్తే వచ్చేసింది’ అనే చిట్కా పనిచేసేదీ ఇందుకే. పెన్‌డ్రైవ్‌లు మామూలుగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో ఉంటాయి, వాటిలో అనుమతుల జాబితాకు చోటే లేదు. దారిలో జాబితా రాలిపోతుంది. పంచుకునే ఫైలును కట్ చేయకుండా కాపీ చేయడం మంచిది.

పాత డెస్క్‌టాప్ మూలపడ్డాక దాని హార్డ్ డిస్క్‌ను కొత్తదానికి తగిలించినప్పుడూ ఇదే జాబితా అడ్డొస్తుంది. పాత కంప్యూటర్లో మీ పేరేదో కొత్తదాంట్లోనూ అదే పెట్టుకుని ఉండొచ్చు, విండోస్‌కు పేరుతో పనిలేదు. పాత నంబరు ఇక్కడ ఎవరిదీ కాదు గనక ‘అన్‌నోన్ అకౌంట్’ అని ఎస్-1-5-21 వరుస ఒకటి చూపిస్తుంది. ‘కంటిన్యూ’ నొక్కితే మీ కొత్త నంబరును ఒక్కో ఫైలు జాబితాలోనూ రాసుకుంటూ పోతుంది. పెళ్లి ఫోటోలు వేలల్లో ఉంటే ఆ పచ్చటి గీత గంటసేపు పాకినా ఆశ్చర్యం లేదు. మధ్యలో ఆపకండి, సగానికి అనుమతి, సగానికి లేదన్న స్థితి వస్తుంది.

అడ్మిన్ మందు తర్వాత ఊళ్లో చలామణీలో ఉన్న రెండో మందు ‘ఎవ్రీవన్ - ఫుల్ కంట్రోల్’. సి డ్రైవ్ మొత్తానికి అందరికీ అన్ని హక్కులూ రాసివ్వడం. దీన్ని నేను మందు అనను. విండోస్ తన సొంత ఫైళ్లకు ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనే సేవను యజమానిగా పెట్టుకుంటుంది, అడ్మిన్ కూడా తొందరపడి వాటిని చెరపకూడదని. ఆ యాజమాన్యం లాక్కుని అందరికీ రాసిస్తే, తమ్ముడు దింపుకున్న ఆట వెంట వచ్చిన ఏ పురుగైనా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని అసలు ప్రోగ్రాము స్థానంలో తన నకిలీని పెట్టుకోవచ్చు. రేపు మీరు దానికే అడ్మిన్ ఇస్తారు. పైగా ఇది వెనక్కి తిరగని దారి. ఏ ఫోల్డరుకు మొదట ఏ జాబితా ఉండేదో చేత్తో తిరిగి రాయడం మనవల్ల కాదు. సిస్టమ్ రిస్టోరో, విండోస్‌ను మళ్లీ వేయడమో మిగులుతుంది. పిల్లలు చూడకూడదని ఓ ఫోల్డరుకు ‘ఎవ్రీవన్ - డినై’ పెట్టుకున్న తండ్రులది ఇంకో అవస్థ. ఒకే ఫోల్డరు మీద వద్దు, సరే రెండూ ఉంటే విండోస్ ముందు వద్దునే చదువుతుంది. ఎవ్రీవన్‌లో తండ్రీ ఉన్నాడు. అయితే ఫోల్డరు పుట్టించినవాడికి జాబితాను మార్చే హక్కు ఎప్పటికీ పోదు గనక, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి ఆ డినై వరుసను తీసేస్తే బయటపడతాడు.

అన్నీ అనుమతుల జబ్బులే కావు. పాత డెస్క్‌టాప్‌లో ఒక్కసారిగా ఏ వెబ్‌సైటూ తెరుచుకోక, ‘సురక్షితం కాదు’ అని ఎర్ర హెచ్చరికలు వస్తే ముందు మూలనున్న తేదీ చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్లకేళ్లు వెనక్కి పోతుంది. ప్రతి సైటు ధ్రువపత్రానికీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. అది ఇంకా మొదలే కాలేదని బ్రౌజరు అనుకుంటుంది. ఆ తేదీని సరిచేయాలన్నా విండోస్ అడ్మిన్‌నే అడుగుతుంది. ధ్రువపత్రాలూ చిట్టాలూ అన్నీ గడియారం మీదే ఆధారపడతాయి మరి. టైమ్ జోన్ మాత్రం ఎవరైనా మార్చుకోవచ్చు. ఎక్సెల్‌లో నాన్నకు 12,34,567గా కనిపించిన మొత్తం కొడుకు ఖాతాలో 1,234,567గా కనిపించడం, ఏప్రిల్ 5 కాస్తా మే 4 కావడం కూడా ఇలాంటివే. రీజియన్ సెట్టింగు కంప్యూటరు మొత్తానికి ఉండదు, ఒక్కో ఖాతాకు విడిగా ఉంటుంది. కొడుకు ఖాతాలోకి వెళ్లి ఇండియా అని పెడితే లక్షలు లక్షలుగా వస్తాయి. అడ్మిన్ ఊసే అక్కర్లేదు.

ఇంకొన్ని మైక్రోసాఫ్ట్ తెచ్చిపెట్టినవి. 2021 జులైలో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే లోపం బయటపడింది. ప్రింటరు సేవలోని కంత గుండా ఎవరైనా పూర్తి అధికారం చేజిక్కించుకోవచ్చు. దాన్ని పూడ్చే క్రమంలో ప్రింటరు డ్రైవరు వేయాలంటే అడ్మిన్ కావాలన్నారు. ఆ సెప్టెంబరు అప్‌డేట్ తర్వాత దేశదేశాల్లో పంచుకున్న ప్రింటర్లు ఆగిపోయాయి. అప్‌డేట్లు ఆపేయడమే మంచిదన్న నమ్మకం అంగళ్లలో అప్పుడు ఇంకాస్త బలపడింది. అది తప్పు లెక్క. 2017 మే 12న వానాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఎవరి అనుమతీ అడగలేదు. విండోస్ ఫైళ్లు పంచుకునే సేవలోని కంత గుండా నేరుగా చొరబడింది. ఆ కంతను పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదలైంది.

అనుమతుల జాబితా గురించి చివరిగా ఒకటి తెలుసుకోవాలి. దాన్ని అమలుచేసేది విండోస్ మాత్రమే. లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ఆ జాబితాను పట్టించుకునేవాళ్లే ఉండరు, అంతా బట్టబయలు. దీనికి విరుగుడు ఎన్‌క్రిప్షన్. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త రూపంతో అమ్ముడవుతున్న ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే, అది మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. మదర్‌బోర్డు మార్చినా, బయోస్‌లో ఏదైనా కదిపినా నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అక్కడ ఏ అడ్మినూ పనిచేయడు.

ఆ 48 అంకెలు మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటాయి. మన దగ్గర అసలు తంటా అక్కడే. కొన్నరోజున అంగడి కుర్రాడు తొందరలో ఏదో కొత్త ఈమెయిల్ పుట్టించి ల్యాప్‌టాప్ తెరిచి ఇచ్చాడు, దాని పాస్‌వర్డు అతనికీ గుర్తుండదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సహాయం ముగిసింది గనక ఆదోని, ఎమ్మిగనూరుల్లో చాలా ఇళ్లకు ఇప్పుడిప్పుడే కొత్త ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి అక్కడున్న ఈమెయిల్ ఎవరిదో చూడండి. మీది కాకపోతే మీదానికి మార్చి, కీని కాగితం మీద ప్రింటు తీసి ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా ఇంకెక్కడైనా పెట్టండి. ఇదంతా లాగిన్ పనిచేస్తున్నప్పుడే చేయాలి. కీ లేకుండా నీలం తెర ముందు నిలబడితే ఎవరొచ్చినా చేయగలిగింది డిస్క్ తుడిచేసి కొత్తగా విండోస్ వేయడమే.